మిల్టన్ కీన్స్ నుంచి లార్డ్స్ దాకా: మన మిథాలీ నడిచిన దారి



2025 నవంబరు 2, ఆదివారం సాయంత్రం మీలో చాలామంది టీవీల ముందే ఉండి ఉంటారు. నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి మొట్టమొదటిసారి వన్డే ప్రపంచకప్పు గెలిచారు. ఆ రాత్రి మన గ్రూపు పొద్దుపోయేదాకా మోగుతూనే ఉంది. ఆ సందడిలో ఒక చెల్లి అడిగింది, "అక్కా, అసలు మన ఆడవాళ్ళ క్రికెట్ ఎప్పుడు మొదలైంది? నేను ఈ నాలుగైదేళ్ళ నుంచే చూస్తున్నాను" అని. ఎవరూ జవాబు ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. నాకు తెలిసింది ఒక మెసేజ్‌లో పట్టేది కాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

నేను నర్సుని. గుంటూరు జిల్లా పల్లె నుంచి వచ్చి పదిహేనేళ్ళుగా డెర్బీకి దగ్గర్లో ఉంటున్నాను. క్రికెట్ పండితురాలిని కాను. మిథాలీ రాజ్‌కీ నాకూ వయసులో ఏడాదే తేడా. అందువల్లేనేమో, ఆమె కథ చదివినప్పుడల్లా ఆ ఏడాది నేనేం చేస్తున్నానో గుర్తొస్తుంది.

మగవాళ్ళ కంటే రెండేళ్ళ ముందే

ముందు ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకి చెబితే నమ్మక ఫోన్‌లో వెతుక్కున్నారు. క్రికెట్‌లో మొదటి ప్రపంచకప్పు ఆడింది ఆడవాళ్ళే. 1973లో, ఇక్కడే ఇంగ్లండ్‌లో జరిగింది. మగవాళ్ళ మొదటి ప్రపంచకప్పు ఆ తర్వాత రెండేళ్ళకి, 1975లో. ఆడవాళ్ళ పోటీకి జాక్ హేవర్డ్ అనే వ్యాపారి 40,000 పౌండ్లు ఇచ్చాడు. ఇంగ్లండ్ కెప్టెన్ రేచల్ హేహో ఫ్లింట్ పట్టుబట్టబట్టే ఆ పోటీ జరిగింది. అందులో మన దేశం లేదు.

సరిగ్గా అదే 1973లో లక్నోలో భారత మహిళా క్రికెట్ సంఘం ఏర్పడింది. 1976లో వెస్టిండీస్ మహిళల జట్టు మన దేశానికొచ్చింది. శాంతా రంగస్వామి కెప్టెన్‌గా పట్నాలో మన వాళ్ళు మొదటి టెస్టు గెలిచారు. ఆ ఆట చూడటానికి పాతిక వేల మందికి పైగా వచ్చారంటారు. అంటే "ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారు" అనే మాట అప్పటికే అబద్ధమని తేలిపోయింది. అయినా ఆ తర్వాత నలభయ్యేళ్ళు ఆ మాట వింటూనే ఉన్నాం.

1978లో రెండో మహిళల ప్రపంచకప్పు మన దేశంలో జరిగింది. కోల్‌కతా, జంషెడ్‌పూర్, పట్నాలతో పాటు హైదరాబాదులో కూడా మ్యాచ్‌లు పెట్టారు. ఆస్ట్రేలియా ఇంగ్లండ్‌ని ఓడించి కప్పు అందుకున్నది మన లాల్ బహదూర్ స్టేడియంలోనే. మన జట్టుకి డయానా ఎదుల్జీ కెప్టెన్. ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. హైదరాబాదులో చదువుకున్నవాళ్ళం ఎంతమందిమి ఆ స్టేడియం పక్క నుంచి బస్సుల్లో తిరిగి ఉంటామో! అక్కడ ఒక ప్రపంచకప్పు ఇచ్చారని మనకెవరూ చెప్పలేదు.

ఆ రోజుల్లో ఆడినవాళ్ళకి జీతం లేదు. రిజర్వేషన్ లేని రైలు పెట్టెల్లో కిట్ బ్యాగులు మోసుకుంటూ వెళ్ళేవాళ్ళు, డార్మిటరీల్లో నేల మీద పడుకునేవాళ్ళు. సికింద్రాబాద్ అమ్మాయి పూర్ణిమా రావు అలాంటి కాలంలోనే 1993లో జట్టులోకి వచ్చి, కెప్టెన్ అయి, తర్వాత జట్టుకి కోచ్‌గా కూడా పనిచేశారు. మిథాలీ కంటే ముందు మనకి ఒక పూర్ణిమ ఉన్నారని మన పిల్లలకి తప్పకుండా చెప్పండి.

తెల్లవారుజామున నిద్ర లేపిన నాన్న

మిథాలీ వాళ్ళది తమిళ కుటుంబం. ఆమె పుట్టింది రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో, 1982 డిసెంబరు 3న. పెరిగింది మాత్రం సికింద్రాబాదులో. తండ్రి దొరైరాజ్ ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన మనిషి. కూతురు పొద్దున ఎంతకీ లేవదని, ఆ బద్ధకం వదిలించడానికి అన్నతో పాటు క్రికెట్ కోచింగ్‌కి లాక్కెళ్ళారు. ఆ పిల్లకి అప్పుడు ఇష్టం భరతనాట్యం. చాలా ఏళ్ళు నేర్చుకుంది కూడా. అన్న ప్రాక్టీసు చేస్తుంటే గట్టున కూర్చుని హోంవర్క్ చేసుకునే పిల్ల, ఊరికే బ్యాటు పట్టుకుని నాలుగు బంతులు కొట్టింది. అక్కడి కోచ్ జ్యోతిప్రసాద్ చూసి, ఈ అమ్మాయిని వదలొద్దన్నారు. ఆ తర్వాత సంపత్ కుమార్ అనే కోచ్ చేతిలో పెట్టారు. ఆయన కఠినంగా తీర్చిదిద్దారు కానీ ఆమె దేశానికి ఆడటం చూడకుండానే రోడ్డు ప్రమాదంలో పోయారు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఇది నచ్చలేదు. తల్లి లీల ఉద్యోగం మానేసి కూతురి ఆట కోసం ఇంటిపట్టున ఉన్నారు. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగిపోతాను. ఆడపిల్ల ఆడాలంటే ఇంకో ఆడమనిషి ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చింది.

మా ఊళ్ళో నేనూ ఆడేదాన్ని. కొబ్బరి మట్ట బ్యాటు, మూడు ఇటుకలు వికెట్లు. మా అన్నయ్య వాళ్ళ జట్టులో మనిషి తక్కువైతే నన్ను పిలిచేవాళ్ళు. బంతి వేస్తే ఇటుకకి తగిలేది. పన్నెండేళ్ళు నిండాక పెద్దమనిషినయ్యాను. ఫంక్షన్ చేసి, కొత్త లంగాఓణీ కట్టించి, పదకొండో రోజున మా నాయనమ్మ "ఇంక ఆ గోడదూకే ఆటలు చాలు తల్లీ" అంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆట ఆగిపోయింది, అంతే. మీలో చాలామందికి ఇలాంటి పదకొండో రోజు ఒకటి ఉండే ఉంటుంది.

1999: ఎవరూ చూడని సెంచరీ

1999 వేసవి గుర్తుందా? మగవాళ్ళ ప్రపంచకప్పు ఇంగ్లండ్‌లో జరిగింది. మేం ఇంటర్ హాస్టల్లో వార్డెన్ గదిలో టీవీ చూడటానికి బతిమాలుకునేవాళ్ళం. జూన్ 20న లార్డ్స్‌లో ఫైనల్ అయింది. అందరూ టీవీలు కట్టేశారు.

సరిగ్గా ఆరు రోజుల తర్వాత, జూన్ 26న, అదే ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో పదహారేళ్ళ మిథాలీ ఐర్లండ్ మీద తన మొదటి వన్డే ఆడింది. 114 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. రెండోవైపు రేష్మా గాంధీ 104 నాటౌట్. స్కోరు ఒక్క వికెట్టూ పోకుండా 258. మన వాళ్ళు 161 పరుగుల తేడాతో గెలిచారు. ఆ మ్యాచ్ టీవీలో చూసిన గుర్తు నాకు తెలిసిన ఎవరికీ లేదు. నాకూ లేదు. నా ఈడు పిల్ల సికింద్రాబాద్ నుంచి వెళ్ళి అక్కడ సెంచరీ కొడుతోందని ఆ హాస్టల్లో మాకెవరికైనా తెలిసుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇంకో ముచ్చట. లార్డ్స్ మైదానానికి యజమాని ఎం.సి.సి. అనే క్లబ్బు. 200 ఏళ్ళకి పైగా ఆ క్లబ్బులో ఆడవాళ్ళకి సభ్యత్వమే లేదు. 1998లో ఓటింగ్ పెట్టి ఆ నియమం మార్చారు. అంటే మిథాలీ ఇంగ్లండ్‌లో మొదటి సెంచరీ కొట్టే నాటికి, క్రికెట్‌కి పుట్టిల్లు అని చెప్పుకునే చోట ఆడవాళ్ళకి తలుపు తెరిచి ఏడాది కూడా కాలేదు.

టాంటన్‌లో 214, ఆ తర్వాత ఎనిమిదేళ్ళ ఖాళీ

2002 ఆగస్టులో ఇంగ్లండ్‌తో టాంటన్‌లో టెస్టు. పంతొమ్మిదేళ్ళ మిథాలీ 407 బంతులు ఆడి 214 పరుగులు చేసింది. అప్పటిదాకా మహిళల టెస్టుల్లో ఎవరూ అంత కొట్టలేదు. ఆస్ట్రేలియా అమ్మాయి కారెన్ రోల్టన్ చేసిన 209 రికార్డు అలా పోయింది. 2004లో పాకిస్తాన్‌కి చెందిన కిరణ్ బలోచ్ 242 కొట్టేదాకా ప్రపంచ రికార్డు మన సికింద్రాబాద్ అమ్మాయిదే.

2005లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్పు. మిథాలీ కెప్టెన్‌గా మన జట్టు మొదటిసారి ఫైనల్‌కి వెళ్ళి ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయింది. ఆ పోటీలో ఒక్కో మ్యాచ్‌కి తమకి వెయ్యి రూపాయలు ఇచ్చారని మిథాలీ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. ప్రపంచకప్పు ఫైనల్ ఆడిన మనిషికి వెయ్యి రూపాయలు! ఆ రోజుల్లో నేను చిన్న ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో నైట్ డ్యూటీలు చేసి నెలకి తెచ్చుకున్న జీతం తలుచుకుని, ఇద్దరిదీ ఒకటే కథలే అనుకున్నాను. చేసే పని గొప్పదని అందరూ అంటారు, డబ్బు దగ్గరకొచ్చేసరికి మాట తప్పిస్తారు.

2006 ఆగస్టులో మళ్ళీ టాంటన్. మిథాలీ నాయకత్వంలో మన వాళ్ళు టెస్టు గెలిచి, ఇంగ్లండ్ గడ్డ మీద తొలిసారి సిరీస్ పట్టుకున్నారు. అదే ఏడాది మహిళల క్రికెట్ బాధ్యత బీసీసీఐ చేతికి వచ్చింది. ప్రయాణాలు, వసతి బాగుపడ్డాయి. కానీ టెస్టులు? ఆ గెలుపు తర్వాత మన అమ్మాయిలకి ఇంకో టెస్టు దక్కింది ఎనిమిదేళ్ళకి, 2014 ఆగస్టులో, ఆక్స్‌ఫర్డ్ దగ్గర వార్మ్‌స్లీలో. మన జట్టులో ఎనిమిది మందికి అదే మొదటి టెస్టు. అయినా ఇంగ్లండ్‌ని ఆరు వికెట్ల తేడాతో ఓడించారు. రెండో ఇన్నింగ్స్‌లో మిథాలీ 50 నాటౌట్‌గా నిలిచి గెలిపించింది.

ఆమెకి 23 నుంచి 31 ఏళ్ళు వచ్చేదాకా, ఒక బ్యాటర్ ఒంట్లో సత్తువ బాగా ఉండే ఏళ్ళన్నీ, తెల్ల డ్రెస్సు వేసుకునే అవకాశమే లేకుండా పోయాయి. 214 కొట్టిన మనిషి టెస్టుల లెక్క చూస్తే బాధేస్తుంది. ఇరవై రెండేళ్ళ కెరీర్‌లో ఆడింది పన్నెండంటే పన్నెండు.

వార్మ్‌స్లీ టెస్టు జరిగినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. కారులో రెండు గంటల దూరం. నాకు తెలియనే తెలియదు. ఆ వారం మగవాళ్ళ టెస్టు స్కోరు మాత్రం వార్డులో పేషెంట్లతో చర్చించాను. ఎవరినో అనడం ఎందుకు, చూడనివాళ్ళలో నేనూ ఒకదాన్ని.

2017: డెర్బీ నుంచి లార్డ్స్‌కి

నా కళ్ళు తెరిపించింది 2017 ప్రపంచకప్పు. మన వాళ్ళ మ్యాచ్‌లు చాలావరకు డెర్బీలోనే పెట్టారు. జూన్ 24న ఇంగ్లండ్‌తో మొదటి ఆట. మిథాలీ ప్యాడ్లు కట్టుకుని, తన బ్యాటింగ్ వచ్చేదాకా కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటున్న ఫొటో గుర్తుందా? ఆ రోజు 71 కొట్టింది. వన్డేల్లో వరుసగా అది ఏడో అర్ధసెంచరీ. ఆ పోటీకి ముందు జరిగిన ఒక విందులో ఒక విలేఖరి, మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, మగ క్రికెటర్లని ఇలాగే అడుగుతారా అని ఆమె ఎదురడిగింది కూడా అప్పుడే.

జూలై 12న బ్రిస్టల్‌లో షార్లెట్ ఎడ్వర్డ్స్‌ని దాటి, మహిళల వన్డేల్లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసిన మనిషి అయింది. 6,000 దాటిన మొదటి మహిళ కూడా తనే. జూలై 15న డెర్బీలో న్యూజిలాండ్ మీద గెలిస్తేనే సెమీఫైనల్. కెప్టెన్ 109 కొట్టింది. ఆ రోజు నేను గ్రౌండులో ఉన్నాను. నా పక్కన కూర్చున్న గుజరాతీ పెద్దావిడ డబ్బాలోంచి థేప్లాలు తీసి అందరికీ పంచింది. ఐదు రోజుల తర్వాత సెమీఫైనల్లో హర్మన్‌ప్రీత్ ఆస్ట్రేలియా మీద 171 కొట్టిన రోజు నాది లాంగ్ డే షిఫ్టు. మందుల ట్రాలీ తోసుకుంటూ పేషెంటు ఐప్యాడ్‌లో స్కోరు చూశాను.

జూలై 23, లార్డ్స్. శుక్రవారం నైట్ చేసి, శనివారం నిద్రపోయి, ఆదివారం పొద్దున్నే రైలెక్కాం. నేను, ఇద్దరు తోటి నర్సులు, ఐదేళ్ళ మా పాప. 26,000 మందికి పైగా జనం, నిండిపోయిన స్టేడియం. ఆడవాళ్ళ ఆటకి! ఇంగ్లండ్ 228 చేసింది. ఝులన్ గోస్వామి మూడు వికెట్లు తీసింది. మన వాళ్ళు మూడు వికెట్లకి 191 దాకా వెళ్ళారు. 38 పరుగులు కావాలి, చేతిలో ఏడు వికెట్లున్నాయి. మా పాపని ఎత్తుకుని నిలబడ్డాను. అక్కడ 86 దగ్గర పూనమ్ రౌత్ ఔటైంది. ఆ తర్వాత ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే అన్య శ్రబ్‌సోల్ ఒకరి తర్వాత ఒకరిని పంపించేసింది. ఆమెకి ఆరు వికెట్లు. మనం 219కి ఆలౌట్, 9 పరుగుల తేడాతో ఓటమి.

అంతకుముందే 17 దగ్గర రనౌటైన మిథాలీ బాల్కనీలో కూర్చుని అన్నీ చూసింది. నేను ఏడ్చాను, నిజం. రైల్లో మా పాప "అమ్మా, మనం ఓడిపోతే ఇంటికెళ్ళనివ్వరా?" అని అడిగింది. "ఎందుకెళ్ళనివ్వరు, పద" అన్నాను.

కానీ ఇంటికి వెళ్ళినవాళ్ళకి ఎదురైంది ఏమిటో చూశాం కదా. 2005లో ఫైనల్ ఓడి వచ్చిన జట్టు గురించి పట్టించుకున్నవాళ్ళు కొద్దిమందే. 2017లో ఓడి వచ్చిన జట్టుకి విమానాశ్రయంలో పూలదండలు. అంత తేడా రావడానికి కారణం, ఈసారి మ్యాచ్‌లు టీవీలో వచ్చాయి. జనం చూశారు. అంతకుమించి రహస్యమేమీ లేదు.

వెయ్యి రూపాయల నుంచి

ఆ తర్వాత మార్పు గబగబా జరిగింది. 2022 అక్టోబరులో మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకే మ్యాచ్ ఫీజు అని బీసీసీఐ ప్రకటించింది. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. 2023 మార్చిలో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఇవి రావడానికి కొన్ని నెలల ముందే, 2022 జూన్ 8న మిథాలీ ఆట నుంచి తప్పుకున్నారు. 232 వన్డేలు, 7,805 పరుగులు. విత్తనం వేసినవాళ్ళు పంట తినలేదు.

కానీ పంట మన పొలాల్లోనే పండింది. కృష్ణా జిల్లాలో ఆటో నడిపే తండ్రి కూతురు రావి కల్పన 2015లో దేశానికి వికెట్‌కీపర్ అయింది. భద్రాచలం పిల్ల గొంగడి త్రిష 2025 ఫిబ్రవరిలో కౌలాలంపూర్‌లో ముగిసిన అండర్-19 ప్రపంచకప్పులో 309 పరుగులు, 7 వికెట్లతో ఉత్తమ క్రీడాకారిణి. మలేషియాలో ఉన్న మన అక్కలు కొందరు ఆ రోజు అక్కడే ఉన్నామని చెప్పారు. కడప జిల్లా శ్రీచరణి క్రికెట్‌ని గట్టిగా పట్టుకున్నదే పదహారేళ్ళప్పుడు. 2025 జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఆడిన తన మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. నవంబరులో కప్పు గెలిచిన జట్టులో ఆమెవి 14 వికెట్లు. హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి కూడా ఆ జట్టు సభ్యురాలే.

ఆ అక్టోబరులోనే విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ పేరు, ఒక గేటుకి రావి కల్పన పేరు పెట్టారు. కప్పు గెలిచిన రాత్రి అమ్మాయిలు చేసిన పని మాత్రం నాకు అన్నిటికంటే నచ్చింది. ట్రోఫీ తీసుకెళ్ళి మిథాలీ, ఝులన్, అంజుమ్ చోప్రాల చేతుల్లో పెట్టారు. మిథాలీ దాన్ని పైకెత్తింది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మా ఇంట్లో ఇప్పుడు

లార్డ్స్‌లో నా చంకన ఉన్న పాపకి ఇప్పుడు పద్నాలుగు. ఊళ్ళో క్లబ్బులో ఎడంచేత్తో స్పిన్ వేస్తుంది. పోయిన సెప్టెంబరులో "జీసీఎస్ఈలు దగ్గరకొస్తున్నాయి, ఇంక చాలు, మానెయ్" అన్నది వేరెవరో కాదు, నేనే. వీడియో కాల్‌లో మా అత్తయ్య "ఎండకి నల్లబడిపోయిందే" అంటే నేనూ తల ఊపాను. పాప ఏమీ అనలేదు. కిట్ బ్యాగు తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

నవంబరు 2 రాత్రి శ్రీచరణి గురించి గ్రూపులో మీరందరూ హృదయాలు పెడుతుంటే, నాకు ఆ బ్యాగు గుర్తొచ్చింది. మా నాయనమ్మ పదకొండో రోజున అన్నమాట, నేను ఇంగ్లండ్ వచ్చి, పరీక్షల పేరు పెట్టి, మళ్ళీ అన్నాను. పొద్దున్నే నిచ్చెన వేసుకుని బ్యాగు దించాను. చదువు, ఆట రెండిటికీ కలిపి టైంటేబుల్ తనే వేసుకుంది. గణితంలో మార్కులు కొంచెం తగ్గాయి, ఆ సంగతీ దాచను. అత్తయ్యకి మాత్రం విషయం వివరంగా చెప్పాను. మొన్న ఆవిడే ఫోన్ చేసి, "మన కడప పిల్ల మాదిరే ఏస్తాదంట గదా మనది కూడా" అన్నారు.

ఈ ఏడాది జూన్ 12 నుంచి మహిళల టీ20 ప్రపంచకప్పు ఇక్కడే, ఇంగ్లండ్‌లో. జూన్ 14న ఎడ్జ్‌బాస్టన్‌లో మన వాళ్ళకి పాకిస్తాన్‌తో ఆట. ఫైనల్ జూలై 5న, మళ్ళీ లార్డ్స్‌లో. ఈసారి డెర్బీలో మ్యాచ్‌లు లేవు.  అందుకు నాకు బాధ లేదు.

యూకేలో ఉన్నవాళ్ళు రోటా ఇప్పుడే చూసుకుని సెలవు పెట్టండి. గల్ఫ్‌లో, మలేషియాలో, అమెరికాలో ఉన్నవాళ్ళు ఆ వేళకి టీవీ రిమోట్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇంట్లో ఆడపిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని మిల్టన్ కీన్స్ సంగతి చెప్పండి. ఎడ్జ్‌బాస్టన్‌కి మేం ఆరుగురం వెళ్తున్నాం, పులిహోర నేను తెస్తాను. వచ్చేవాళ్ళు గ్రూపులో పేరు పెట్టండి.